ఆరొందల ఓబీడీ స్కానర్: ఇంజన్ పని తర్వాత వెలిగే లైటుకు ఇది చాలుతుందా?

పెట్రోల్ కారు ఉన్నవాళ్లు, ముఖ్యంగా రింగులో, బోరింగో, హెడ్ గ్యాస్కెట్టో చేయించబోతున్నవాళ్లు ఈఎల్‌ఎం 327 బ్లూటూత్ అడాప్టర్ (కారు కంప్యూటర్ చెప్పేదాన్ని ఓబీడీ పోర్టు నుంచి ఫోన్‌కు చేర్చే చిన్న స్కానర్) ఒకటి కొని డ్యాష్‌బోర్డు అరలో పడేసుకోవచ్చు. ఆన్‌లైన్లో నాలుగొందల నుంచి ఎనిమిదొందల లోపు వస్తుంది. అయితే సెన్సార్ పోయిందో లేదో ఇదే తేల్చేస్తుందనుకుని కొంటే డబ్బు దండగ. దీన్ని నమ్మి మార్చేసే సెన్సార్ డబ్బు ఇంకా దండగ. ఇది కోడ్ (కారు కంప్యూటర్ పట్టుకున్న తప్పుకు ఉండే నంబరు) చూపిస్తుంది, ఇంజన్ నడుస్తుండగా అంకెలు చూపిస్తుంది, అంతే. ఆ అంకెల్ని చదవడం మనం నేర్చుకోవాలి.

కర్నూలు, అనంతపురం, కడప షెడ్లలో వినపడే మాట ఒకటుంది. ఇంజన్ దించి, ఎక్కించి, బండి ఇంటికొచ్చిన వారానికల్లా చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. తీసుకెళ్తే స్కానర్ పెట్టి, "ఆక్సిజన్ సెన్సార్ కోడ్ వచ్చిందన్నా, మార్చాల" అంటారు. ఒరిజినల్ సెన్సార్ అంటే రెండు మూడు వేల నుంచి మొదలు, కొన్ని బండ్లకు అంతకు రెట్టింపు. ఇంజన్ దించకముందు బాగున్న సెన్సార్ ఎక్కించాక పోయిందంటే ముందు అనుమానించాల్సింది చేసిన పనిని. సైలెన్సర్‌లో ఆక్సిజన్ ఎక్కువుందని చెప్పడమే సెన్సార్ ఉద్యోగం. చెప్పినవాడిదే తప్పన్నట్టు దాన్ని పీకి పారేస్తే, కొత్తది వచ్చి అదే మాట చెబుతుంది.

కొనేముందు చూసుకోవాల్సినవి

అసలు ఈఎల్‌ఎం 327 చిప్ తయారుచేసింది కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్. ఆరొందలకు దొరికేవన్నీ దానికి నకళ్లే. డబ్బా మీద వెర్షన్ 1.5 అని ఉన్నా 2.1 అని ఉన్నా ఆ అంకెను పట్టించుకోనక్కర్లేదు. 2.1 అని రాసినవాటిలో చాలావాటికి కొన్ని ఆదేశాలు అర్థం కావు, పాత కె-లైన్ (స్కానర్‌తో మాట్లాడే పాత పద్ధతి) బండ్లతో మాట్లాడే సర్క్యూటే లేనివి కూడా ఉంటాయి. కాబట్టి క్యాన్ లైన్ (అదే పనికి వచ్చిన కొత్త పద్ధతి) ఉన్న బండికి, అంటే 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లకూ, అంతకుముందు బీఎస్-4 బండ్లలో చాలావాటికీ, ఇది నిక్షేపంగా కలుస్తుంది. అంతకన్నా పాత బండికైతే వాపసు ఇవ్వగలిగే చోటే కొనండి.

ఐఫోన్ ఉన్నవాళ్లు మామూలు బ్లూటూత్ రకం కొనకండి, జత కాదు. వైఫై రకం గానీ, బ్లూటూత్ ఎల్‌ఈ అని స్పష్టంగా రాసున్నది గానీ తీసుకోవాలి. ఆండ్రాయిడ్‌కు ఏదైనా సరే, పాస్‌వర్డ్ అడిగితే 1234 లేదా 0000. యాప్ విషయానికొస్తే టార్క్ ఆండ్రాయిడ్‌కే ఉంది, కార్ స్కానర్ రెండింటికీ ఉంది. ఈ పనికి రెండోదే సుఖం, గ్రాఫ్ తేటగా కనబడుతుంది.

పోర్టు స్టీరింగ్ కింద, ఎక్కువగా కుడి మోకాలి దగ్గర ఉంటుంది. పదహారు పిన్నులు. పదహారో పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు ఉంటుంది, ఈ నకలు అడాప్టర్లకు నిద్రపోవడం తెలీదు. వారం రోజులు అలాగే గుచ్చి వదిలేస్తే ముసలి బ్యాటరీ స్టార్టింగ్‌కు మొరాయిస్తుంది. పని కాగానే పీకేయాలి.

ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కూడా చదువుతుందని అమ్మేవాళ్లు రాస్తారు. ఈ ధరలో ఆ ఆశ పెట్టుకోవద్దు.

కోడ్ తుడిచేయకముందు

షెడ్డులో అయినా ఇంట్లో అయినా మొదట జరిగే తప్పు కోడ్‌ను చూడగానే చెరిపేయడం. కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి దాగుంటుంది. లైటు వెలిగిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, కూలెంట్ వేడి ఎంత, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో) ఎంత అన్నది అందులో ఉంటుంది. చెరిపితే అది పోతుంది, ట్రిమ్‌లు సున్నాకొస్తాయి, మానిటర్లన్నీ (బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు) మొదటికొస్తాయి. కాబట్టి ముందు స్క్రీన్‌షాట్, తర్వాతే మిగతావి. ఆరొందలకు ఈ ఒక్క పని చేసిపెట్టినా గిట్టుబాటే.

ఇంజన్ పని తర్వాత ఎక్కువగా కనబడే కోడ్‌లు కొన్నే. పి0130 నుంచి పి0134 దాకా ముందు సెన్సార్ (పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందున్నది; దాన్ని దాటాక ఉన్నది వెనక సెన్సార్) సిగ్నల్‌వి. పి0135 ముందు సెన్సార్ హీటర్, పి0141 వెనక సెన్సార్ హీటర్. పి0171 అంటే మిశ్రమం లీన్, గాలి ఎక్కువ. పి0172 అంటే రిచ్, పెట్రోల్ ఎక్కువ. పి0420 క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదని. వీటిలో "సెన్సార్ మార్చు" అని ఏ కోడూ చెప్పదు.

హీటర్ కోడ్ మాత్రమే వస్తే సగం సమస్య తీరినట్టే. పొగలోని ఆక్సిజన్‌కూ దానికీ సంబంధం లేదు, అది ఉత్త కరెంటు లెక్క. కనెక్టర్ పెట్టడం మరిచారా, లాక్ పడే దాకా నొక్కారా, వైరు మేనిఫోల్డ్‌కు తగిలి కాలిందా, ఫ్యూజు పోయిందా. ఇవన్నీ కంటికి కనబడేవే. ఆ తర్వాత మల్టీమీటర్. కనెక్టర్ విప్పి సెన్సార్ వైపున ఒకే రంగులో ఉన్న రెండు హీటర్ వైర్ల మధ్య ఓమ్‌లు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బండిని బట్టి 3 నుంచి 20 ఓమ్‌ల దాకా వస్తే హీటర్ బతికున్నట్టు, మీటర్ కదలకపోతే తెగినట్టు. బాష్ రకంలో రెండు తెల్ల వైర్లు హీటర్‌వి, నలుపు సిగ్నల్, బూడిదరంగు సిగ్నల్ ఎర్త్. డెన్సోలో రెండు నలుపు హీటర్‌వి, నీలం సిగ్నల్, తెలుపు ఎర్త్. ఈ తేడా తెలీక నలుపును సిగ్నల్ అనుకుని కొలిచి "సెన్సార్ డెడ్" అన్నవాళ్లకు కొదవ లేదు. బండి వైపు కనెక్టర్‌లో ఇంజన్ నడుస్తుండగా ఒక హీటర్ పిన్నుకు 12 వోల్టులు రావాలి. ఇందులో ఏదీ స్కానర్ చూపలేదు. మల్టీమీటర్ లేనివాళ్లు స్కానర్‌తోపాటు అదీ కొనండి, మూడొందలది చాలు.

ఇంజన్ స్టార్ట్ చేయకుండానే ఒక పరీక్ష

రాత్రంతా ఆగిన బండికి పొద్దున తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా మూడు అంకెలు చూడండి. కూలెంట్ వేడి, లోపలికొచ్చే గాలి వేడి దాదాపు ఒకటే ఉండాలి, నాలుగైదు డిగ్రీల తేడా దాటకూడదు. దాటితే ఆ రెండిట్లో ఒకటి అబద్ధం చెబుతోంది, పెట్రోల్ లెక్క అక్కడే తప్పుతోంది.

మూడోది మ్యాప్ సెన్సార్, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే మేనిఫోల్డ్‌లోని ఒత్తిడి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అది బయటి గాలి ఒత్తిడినే చూపాలి. ఇక్కడ ఊరిని బట్టి అంకె మారుతుంది. కడపలో 99, 100 కిలోపాస్కల్ దగ్గర, కర్నూలులో 98 దగ్గర, ఎత్తున ఉన్న అనంతపురంలో 97 దగ్గర ఉంటుంది. ఎండాకాలం ఒక అంకె తగ్గినా ఫర్వాలేదు. 90 అనో 105 అనో చూపిస్తే సెన్సార్, దాని వైరింగ్ చూడాలి. యూట్యూబ్‌లో 101 రావాలని చెప్పేవాళ్లది సముద్రమట్టం లెక్క.

ఇప్పుడు స్టార్ట్ చేసి ఇంజన్ పూర్తిగా వేడెక్కనివ్వండి. ఏసీ ఆఫ్‌లో, ఐడ్లింగ్‌లో మ్యాప్ 30 నుంచి 40 మధ్య ఉండటం మామూలు. టైమింగ్ బెల్టో చైనో విప్పి వేసిన బండికి ఇది 50 దాటి కూర్చుంటే, ఆక్సిజన్ సెన్సార్ సంగతి పక్కన పెట్టి టైమింగ్ మార్కులు చూడమని చెప్పండి. ఒక పన్ను తప్పినా ఇలాగే ఉంటుంది, పిక్కప్ కూడా చచ్చుగా ఉంటుంది. లేదా ఇన్‌టేక్ మేనిఫోల్డ్ దగ్గర గాలి లాగుతోంది.

ఈ స్కానర్ తప్పుదారి పట్టించేది ఇక్కడే

పాత తరహా జిర్కోనియా సెన్సార్ వోల్టేజి 0.1 నుంచి 0.9 మధ్య కిందికీ పైకీ ఊగుతూ ఉండాలి. 0.45కు పైన రిచ్, కింద లీన్. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే మంచి సెన్సార్ పది సెకన్లలో ఎనిమిదిసార్లైనా ఊగుతుంది.

నకలు అడాప్టర్ ఒక్కో అంకెను అడిగి తెచ్చుకోవడానికి సమయం తీసుకుంటుంది. యాప్‌లో ఎనిమిది గేజీలు పెట్టుకుని చూస్తే ఒక్కో గేజీ సెకనుకు ఒకసారి మారడమే గగనం. సెన్సార్ అటు వెళ్లి ఇటు వచ్చే లోపు మనకు ఒకే చుక్క దొరుకుతుంది. చక్కగా ఊగుతున్న సెన్సార్ కూడా బద్ధకంగా కనబడుతుంది. పి0133, అంటే స్పందన నెమ్మది అన్న కోడ్ వచ్చిన బండికి ఈ గ్రాఫ్ చూసి "అవును, నెమ్మదిగానే ఉంది" అని తేల్చేస్తారు. ఈ అడాప్టర్ల మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే, అయినా రివ్యూల్లో ఎవరూ రాయరు. మందు సులువే. మిగతా గేజీలన్నీ తీసేసి ముందు సెన్సార్ వోల్టేజి ఒక్కటే ఉంచి గ్రాఫ్ చూడాలి. అప్పుడు ఐడ్లింగ్‌లోనూ ఊగడం కనబడుతుంది. మూడు నాలుగు వేలు పెట్టి వేగంగా చదివే అడాప్టర్ కొన్నవాళ్లకు ఈ బాధ చాలావరకు తప్పుతుంది. రోజూ బండ్లు చూసే షెడ్డుకైతే అదే తీసుకోమంటాం.

ఇంకో మెలిక: కొత్త బండ్లలో కొన్నిటికి ముందు వైపు వైడ్‌బ్యాండ్ సెన్సార్ ఉంటుంది. అది ఊగదు, స్థిరంగానే ఉంటుంది. దానికి యాప్‌లో ల్యాంబ్డా, అంటే గాలి-పెట్రోల్ పాళ్ల అంకె చూడాలి, 1.00కు అటూఇటూ ఉంటే సరి. వోల్టేజి కదలట్లేదని దాన్ని మార్చడం శుద్ధ దండగ.

సెన్సార్ బతికుందా లేదా అన్నదానికి తేలికైన పరీక్ష ఒకటే. వేడెక్కిన ఇంజన్‌లో, న్యూట్రల్‌లో, యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కి వదలాలి. తొక్కగానే వోల్టేజి 0.8 దాటాలి. వదలగానే పెట్రోల్ ఆగి 0.1, 0.2కు పడాలి. రెండూ వెంటనే జరిగితే సెన్సార్ బాగానే ఉంది, రోగం వేరేచోట ఉంది. ఏం చేసినా 0.45 దగ్గరే నిలబడితే సిగ్నల్ వైరు తెగింది, లేదా కనెక్టర్ ఊడింది, లేదా సెన్సార్ చచ్చింది.

లీన్ కోడ్ వస్తే

పి0171తో వచ్చే బండ్లలో ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ కలిపితే ప్లస్ పదికి మైనస్ పదికి మధ్య ఉంటే మంచిదే. ప్లస్ ఇరవై, పాతిక అంటే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోల్ పోస్తూనే ఉన్నా సెన్సార్ లీన్ అనే అంటోందని అర్థం. ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 దగ్గర ఒకసారి రాసుకోండి. ఐడ్లింగ్‌లో ఎక్కువుండి 2500లో తగ్గితే ఎక్కడో గాలి చొరబడుతోంది. లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే పెట్రోల్ అందట్లేదు. పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్లు చూడాలి.

గాలి చొరబడే చోట్లు రెండు, ఎయిర్‌ఫ్లో సెన్సార్ (లోపలికెళ్లే గాలిని కొలిచేది) ఉన్న బండ్లలో రెండింటికీ ట్రిమ్ ఒకేలా ఉంటుంది. ఒకటి ఇన్‌టేక్ వైపు: మేనిఫోల్డ్ గ్యాస్కెట్, పెట్టడం మరిచిన వాక్యూమ్ పైపు, చీలిన పీసీవీ పైపు (ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌కు పంపేది). రెండోది సైలెన్సర్ వైపు, సెన్సార్‌కు ముందున్న ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ గ్యాస్కెట్. లోపలున్న పొగ బయటికి పోవాలి గానీ బయటి గాలి లోపలికెలా వస్తుందని అడుగుతారు. ఎగ్జాస్ట్ ఒకే ధారగా పోదు, సిలిండర్‌కు ఒక దెబ్బ చొప్పున అలలుగా పోతుంది. రెండు అలల మధ్య ఒత్తిడి బయటి గాలికన్నా తగ్గి, సందులోంచి గాలిని పీల్చుకుంటుంది. సెన్సార్ ఆ ఆక్సిజన్ చూసి లీన్ అంటుంది, ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. నిజానికి ఇంజన్ రిచ్‌గా నడుస్తుంటుంది, మైలేజి పడిపోతుంది.

రెండింటినీ విడదీసేది స్పార్క్ ప్లగ్. ట్రిమ్ ప్లస్ పాతిక చూపిస్తూ ప్లగ్గులు నల్లగా మసిబారి ఉంటే ఎగ్జాస్ట్ లీక్. తెల్లగా పాలిపోయి ఉంటే నిజంగానే లీన్. ఎగ్జాస్ట్ లీకును పట్టడానికి పొద్దున చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసి, ఒకరు సైలెన్సర్ మూతికి మందపాటి గుడ్డ కొద్దిసేపు అడ్డం పెడితే, గ్యాస్కెట్ దగ్గర టిక్ టిక్ శబ్దం పెరుగుతుంది. సబ్బునీళ్లు పోస్తే బుడగలొస్తాయి. పాత లీకైతే గ్యాస్కెట్ అంచున నల్లటి చారిక పడి ఉంటుంది. వేడెక్కాక లోహం వ్యాకోచించి సందు మూసుకుపోతుంది కాబట్టి మధ్యాహ్నం షెడ్డులో చూస్తే దొరకదు.

మన దగ్గర తిరిగే చిన్న పెట్రోల్ బండ్లలో చాలావాటికి ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉండదు, మ్యాప్‌తోనే గాలిని లెక్కగడతాయి. వీటిలో ఇన్‌టేక్ లీకైతే ఒత్తిడి పెరుగుతుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ తానే పోసేస్తుంది. ట్రిమ్ పెద్దగా కదలదు, ఐడ్లింగ్ మాత్రం పెరుగుతుంది. కాబట్టి ట్రిమ్ బాగుంది కదా అని ఇన్‌టేక్‌ను వదిలేయకండి. ఐడ్లింగ్ ఆర్‌పీఎం, మ్యాప్ అంకె కలిపి చూడాలి. లీక్ కోసం కార్బ్ క్లీనర్ స్ప్రే చేసేవాళ్లు వేడి మేనిఫోల్డ్ మీద పడకుండా చూసుకోవాలి, అంటుకుంటుంది.

కనెక్టర్లు తారుమారైతే

రెండు సెన్సార్ల సాకెట్లూ ఒకే ఆకారంలో ఉండే బండ్లలో ముందుది వెనక్కి, వెనకది ముందుకి పెట్టేయడం మామూలుగా జరిగేదే. గ్రాఫ్‌లో ముందు సెన్సార్ స్థిరంగా, వెనకది జోరుగా ఊగుతూ కనబడుతుంది. ట్రిమ్ ఒక చివరికి పరుగెత్తుతుంది. వెనక సెన్సార్ సాకెట్ పీకి చూడండి. యాప్‌లో ముందు సెన్సార్ గీత చచ్చిపోతే తారుమారైనట్టే. ఈ ఒక్క పరీక్షకు ఈ స్కానర్‌కు నూటికి నూరు మార్కులివ్వాలి, వేల రూపాయల స్కానర్ అయినా ఇంతకన్నా బాగా చేయదు.

ఇంజన్ ఎర్త్ పట్టీ బిగించకపోవడం ఇంకొకటి. హెడ్‌లైట్లు వేసి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ బ్లాక్‌కూ మధ్య మల్టీమీటర్ పెడితే 0.1 వోల్ట్ దాటకూడదు.

సెన్సార్ నిజంగా పోయే సందర్భాలు

ఉన్నాయి, ఇంజన్ పని వల్లే పోయేవీ ఉన్నాయి. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ కాలిన బండిలో సెన్సార్ మొన మీద తెల్లటి పొర పడుతుంది. ఆయిల్ పాన్‌కో వాల్వ్ కవర్‌కో ఇష్టమొచ్చినట్టు సిలికోన్ పూసి వెంటనే స్టార్ట్ చేస్తే, ఆ ఆవిరి పీసీవీ ద్వారా ఇంజన్‌లోకి వెళ్లి కాలి, సెన్సార్ మీద ఇసుకలాంటి పూత కడుతుంది. ట్యూబు మీద సెన్సార్ సేఫ్ అని ఉన్నదే వాడాలి, ఆరడానికి ఒక రోజు ఇవ్వాలి. వెనిగర్ వాసన కొట్టే సిలికోన్‌ను ఇంజన్ దగ్గరికే రానివ్వకండి. నల్ల మసి మాత్రమే ఉంటే భయం లేదు, మిశ్రమం సరయ్యాక కాలిపోతుంది. కింద పడ్డ సెన్సార్‌ను నమ్మకండి, లోపల పింగాణీ పగిలినా బయటికి కనబడదు.

మార్చాల్సి వస్తే 22 మి.మీ. గాడి ఉన్న సాకెట్ కావాలి. మరలు ఎం18, పిచ్ 1.5. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పాలి. మరలకు మాత్రమే యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) పూయాలి, మొనకు అంటకూడదు. కొత్త సెన్సార్ మరలకు ముందే పూసి వస్తే మళ్లీ వద్దు. బిగింపు 40, 45 న్యూటన్ మీటర్లు. యూనివర్సల్ సెన్సార్ కొని వైరు కోసి కలిపేవాళ్లు టంకం వేయకండి, కనెక్టర్‌లో గ్రీజు నింపకండి. సెన్సార్‌కు పోలికగా కావాల్సిన బయటి గాలి చాలా రకాల్లో వైర్ల లోపలి సందుగుండానే చేరుతుంది. అది మూసుకుపోతే కొత్త సెన్సార్ కూడా తప్పు చెబుతుంది. క్రింప్ జాయింట్లే వాడాలి.

పి0420 వస్తే కన్వర్టర్ ధర వినేముందు వెనక సెన్సార్ గ్రాఫ్ చూడండి. 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటే కన్వర్టర్ పనిచేస్తోంది, కన్వర్టర్ దగ్గరి ఎగ్జాస్ట్ లీకులు చూడాలి. ముందుదాన్ని అనుకరిస్తూ ఊగితే అప్పుడు కన్వర్టర్ గురించి ఆలోచించాలి.

మరమ్మతు అయ్యాక కోడ్ చెరిపి, మానిటర్లు పూర్తయ్యేదాకా నడపాలి. ఊళ్లో ట్రాఫిక్‌లో అవి తొందరగా పూర్తికావు. కర్నూలు వాళ్లైతే చల్లటి ఇంజన్‌తో బయల్దేరి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉలిందకొండ, వెల్దుర్తి మీదుగా డోన్ దాకా 70, 80 వేగంలో నిలకడగా వెళ్లి, దారిలో నాలుగైదుసార్లు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి బండిని తనంతట తాను నెమ్మదించనిచ్చి తిరిగొస్తే చాలావరకు పూర్తవుతాయి. ఫోన్ పక్కవాళ్ల చేతిలో ఉండాలి. యాప్‌లో ఆక్సిజన్ సెన్సార్, హీటర్, క్యాటలిస్ట్ మూడూ పూర్తి అని చూపించి, పెండింగ్ కోడ్‌లు (లైటు వెలిగించేంతగా ఇంకా ఖాయం కానివి) ఖాళీగా ఉంటే అప్పుడు షెడ్డుకు మిగతా డబ్బు ఇవ్వండి. లైటు ఆరిందని మాత్రమే చూసి ఇవ్వకండి, చెరిపితే ఏ లైటైనా ఆరుతుంది.

కోడ్‌లు, ట్రిమ్‌లు, మ్యాప్ చూడటానికి ఐదుకు నాలుగు. సెన్సార్ వేగం తేల్చడానికి రెండు. పాత కె-లైన్ బండికి ఒకటి, అదీ కలిస్తే. డీజిల్ వాళ్లకు ఈ రివ్యూ వర్తించదు, అక్కడ సెన్సార్ చేసే పనే వేరు.